ఏడేళ్లు అడిగాను, ఇంకా అడగాలా?

ప్రకాశం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన ఉత్తరం ఇది. ఏడు పేజీలు, నంబర్లు వేసి మరీ రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి వాటిని తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు 66 ఏళ్లు. మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. పదిహేనేళ్లు సంఘ పెద్దగా చేశారు. ఒక్కడే కొడుకు, హైదరాబాదులో ఉద్యోగం. ఏడేళ్ల కిందట ఆ అబ్బాయి తనతో పనిచేసే హిందూ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని ఇంటికొచ్చి చెప్పాడు. మాస్టారు వినలేదు. "నా గడప తొక్కావంటే నా శవాన్ని చూస్తావు" అన్నారు. అబ్బాయి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు, రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నాడు. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

ఆ మర్నాటి నుంచి మాస్టారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థిస్తున్నారు. "మోకాళ్లు ఆనేచోట చాప చిరిగిపోతుంది. ఇది మూడో చాప" అని రాశారు. మొదట్లో "ఆ బంధం నుంచి వాణ్ణి విడిపించు ప్రభువా" అని అడిగేవారట. రెండేళ్లకు పాప పుట్టిందని చెల్లెలి ద్వారా తెలిశాక ఆ మాటకు నోరు రాలేదు. అప్పటి నుంచి "వాడి మనసు మార్చి ఇంటికి తీసుకురా" అంటున్నారు. పాపకు ఇప్పుడు ఐదో ఏడు. వాట్సాప్ స్టేటస్‌లో తప్ప చూడలేదు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే వేళ ప్రతివారం లేచి కొడుకు పేరు చెబుతున్నారు. ఈ జనవరి ఒకటిన ఒంగోలు వెళ్లి ప్రార్థన కొండ కూడా ఎక్కి వచ్చారు.

రెండేళ్ల కిందట భార్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అబ్బాయి వచ్చాడు. సమాధుల తోటలో గేటు దగ్గరే నిలబడ్డాడు, చివర్లో వచ్చి గుప్పెడు మట్టి వేశాడు. "వాడు ముందు పలకరిస్తాడేమోనని చూశాను. పలకరించలేదు. నేను ముఖం తిప్పుకున్నాను." ఇది ఆయన రాసిన వాక్యమే.

ఇప్పుడు పాస్టరు గారు నలభై రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకోమంటున్నారు. ఆయనతో పాటు పనిచేసిన ఒక స్నేహితుడు, ఆయనా విశ్వాసే, "పౌలంతటివాడు మూడుసార్లు అడిగి ఊరుకున్నాడు. నువ్వు ఏడేళ్లు అడిగావు. దేవుడు కాదన్నాడని ఒప్పుకో" అంటున్నారు. మాస్టారి ప్రశ్న: "మానేస్తే అవిశ్వాసమా? అడుగుతూనే ఉంటే మొండితనమా?"

చివరి పేజీలో ఇంకో సంగతి రాశారు. భార్య ప్రార్థన పుస్తకం, పాత లెక్కల నోటుబుక్కు, ఈ మధ్య బీరువాలో దొరికింది. రోజూ ఎవరి కోసం ప్రార్థించాలో పేర్లు రాసుకునేవారట ఆవిడ. "ప్రతి పేజీలో అబ్బాయి పేరుంది. దాని కిందే నా పేరుంది. నా షుగరు గురించేమో అనుకున్నాను."

మాస్టారూ, వందనాలు.

నేను పాస్టరును కాను. ఆదివారం చివరి బెంచీలో, ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చునే మనిషిని. మీ విషయంలో దేవుడు ఏమనుకుంటున్నాడో చెప్పే అధికారం నాకు లేదు. మీరు రాసిన ఏడు పేజీలను, మనం చదువుకునే బైబిలును పక్కపక్కన పెట్టుకుని చూశాను. కనిపించింది చెబుతాను.

ముందు మీ స్నేహితుడి మాట. పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడన్నది నిజమే, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పన్నెండో అధ్యాయంలో ఉంది. ఆ ముల్లు ఏమిటో ఆయన చెప్పలేదు. కంటి జబ్బని ఒకరు, మరోటని ఇంకొకరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అయితే ఆయన ఎందుకు ఆపాడో మాత్రం తర్వాతి వచనంలోనే ఉంది. "నా కృప నీకు చాలును" అని జవాబొచ్చింది, ఆపాడు. మూడు అనేది కోటా ఏమీ కాదు. మీకు అలాంటి జవాబేదైనా వచ్చిందా? వచ్చినట్టు మీరు రాయలేదు. ఏడేళ్లు ఏమీ వినపడకపోవడాన్ని "దేవుడు కాదన్నాడు" అని మీ స్నేహితుడు అనువదిస్తున్నారు. అంత ధైర్యం నాకు లేదు.

ఇక పాస్టరు గారు. నలభై రోజుల మాట వచ్చిందంటే ఆయన మనసులో లూకా పద్దెనిమిదో అధ్యాయం ఉండి ఉంటుంది. "వారు విసుకక నిత్యము ప్రార్థన చేయుచుండవలెననుటకు" అని మొదలయ్యే ఆ ఉపమానం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దేవునికి భయపడని, మనుషుల్ని లక్ష్యపెట్టని న్యాయాధిపతి. అతని దగ్గరికి న్యాయం కోసం తిరిగి తిరిగి వచ్చే విధవరాలు. చివరికి అతను, ఈమె మాటిమాటికి వచ్చి గోజాడకుండా తీర్పు చెప్పేస్తాను అనుకుంటాడు. గోజాడటం! మన బైబిలు అనువాదంలో నాకు బాగా ఇష్టమైన మాటల్లో అదొకటి. మా అమ్మమ్మ నన్ను తిట్టడానికి వాడేది.

ఈ ఉపమానాన్ని చాలాచోట్ల తలకిందులుగా చెబుతారని నా ఫిర్యాదు. దేవుడు ఆ న్యాయాధిపతి లాంటివాడు, ఎక్కువ రోజులు, ఎక్కువ గట్టిగా గోజాడితే విసుగొచ్చి ఇస్తాడు అన్నట్టు. యేసు చెప్పింది, అంత చెడ్డవాడే కదిలాడే, తన వాళ్లు దివారాత్రులు మొరపెడుతుంటే దేవుడు న్యాయం తీర్చడా అని. పోలిక కోసం కాకుండా తేడా కోసం చెప్పిన కథ. అందుకే ప్రార్థనలో పట్టు విడవకపోవడమంటే ఆయన్ను అలిసిపోయేలా చేయడమని నేననుకోను. మరి ఏడేళ్లూ ఎందుకు ఊరుకున్నాడంటే, నాకు తెలియదు. మీరు అడిగిన ప్రశ్నకు మాత్రం నా జవాబు సూటిగానే ఉంది. అడగడం మానక్కర్లేదు. ఎన్నేళ్లు అడిగితే మొండితనం అవుతుందన్న లెక్క బైబిల్లో నాకెక్కడా కనపడలేదు.

అయితే మీ ఉత్తరం చదివాక ఆ విధవరాలి కథలో ఇంతకుముందు పట్టించుకోని సంగతి ఒకటి తట్టింది. ఆమె న్యాయాధిపతి దగ్గరికి ఎందుకు వెళ్లింది? తన చేతిలో ఏమీ లేదు కాబట్టి. డబ్బు లేదు, వెనక మగదిక్కు లేదు, తీర్పు పూర్తిగా అతని చేతిలో ఉంది. ఉన్నవల్లా రెండు కాళ్లు, వాటితోనే తిరిగింది.

మీ వ్యాజ్యంలో తీర్పు ఎవరి చేతిలో ఉంది మాస్టారూ? కొడుకు ఇంటికి రావాలని అడుగుతున్నారు. రావద్దన్నది మీరు. ఆ మాట వెనక్కి తీసుకున్నానని మీ అబ్బాయికి ఎప్పుడైనా చెప్పారా? మీ ఏడు పేజీలూ ఇందుకోసమే రెండోసారి వెతికాను. దేవుడికి ఏమేం చెప్పారో అన్నీ ఉన్నాయి. అబ్బాయికి చెప్పింది మాత్రం ఏడేళ్ల కిందటి ఆ ఒక్క వాక్యమే ఉంది. అతని వైపు నుంచి చూస్తే ఆ వాక్యం ఇప్పటికీ అమల్లోనే ఉంది. శవాన్ని చూస్తావన్నారు. తల్లి పోయిన రోజున కూడా గేటు దగ్గరే ఆగిపోయాడంటే ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాడో చూడండి.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కోపంలో నోరు జారని తండ్రి ఎవరు? తెల్లవారుజామున చీకట్లో లేచి ఏడేళ్లు మోకాళ్లూనడం చిన్న విషయమూ కాదు. నా బాధల్లా, మీ ప్రార్థన మొత్తం "వాడి" మీదే ఉంది. వాడి మనసు మార్చు, వాణ్ణి తీసుకురా, వాణ్ణి విడిపించు. సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఒకే సంగతిని మూడుసార్లు అడిగాడు. మత్తయి ఇరవై ఆరులో మొదటి రెండుసార్ల మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదట "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్నాడు. రెండోసారికి, నేను తాగితే గాని ఇది తొలగిపోదనుకుంటే నీ చిత్తమే సిద్ధించుగాక అన్నాడు. అడిగేది ఆపలేదు, అడిగే తీరు కదిలింది. మీ ప్రార్థన కూడా ఒకసారి కదిలింది, పాప పుట్టాక. అప్పుడు మీకెవరూ చెప్పలేదు, మీకే నోరు రాలేదు. ఆ నోరు రాకపోవడం కూడా జవాబే కావచ్చునని నా అనుమానం.

పెళ్లి గురించి మీతో వాదించను. అవిశ్వాసులతో జోడుగా ఉండవద్దన్న వచనం మీరు రాశారు, దాని మీద మీ నమ్మకం మీది. అదే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, భార్య అవిశ్వాసి అయినా కాపురం చేయడానికి ఇష్టపడుతుంటే భర్త ఆమెను విడిచిపెట్టకూడదనీ రాశాడు. కాబట్టి మొదటి రెండేళ్లూ మీరు అడిగింది దొరకనందుకు బెంగపెట్టుకోకండి. దొరికి ఉంటే ఆ పాప లేదు.

నలభై రోజుల ఉపవాసం సంగతి. షుగరు మాత్రలు మింగుతూ తిండి మానేస్తే షుగరు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు, తెల్లవారుజామున నాలుగింటికి పడిపోతే పలికేవారు లేరు. మీ డాక్టరు గారిని అడగకుండా ఒక్క పూట కూడా మానకండి. పాస్టరు గారికి ఈ సంగతి చెప్పుకోవడం నామోషీ కాదు. అసలు ఉపవాసమే పెట్టుకోవాలనుంటే యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం తీయండి. నాకిష్టమైన ఉపవాసం ఇది అంటూ దేవుడు వరసగా చెబుతాడు. ఆకలిగొన్నవారికి నీ ఆహారం పెట్టడం, దిక్కులేని వాళ్లను ఇంట చేర్చుకోవడం, వాటి మధ్యలో ఇంకోటి: "నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుట." మీ ఉత్తరంలో గేటు దగ్గరి వాక్యం చదివి, తర్వాత ఇది చదివి, కాసేపు కాగితం పక్కన పెట్టేశాను.

మీరు ఎక్కివచ్చిన కొండ కథ మీకు నాకంటే బాగా తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారక ముందే అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జ్యూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు, అంతా కలిపి ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో పెద్దలు ఈ తెలుగు మిషను మూసేద్దామా అని చర్చించారు. మన దగ్గర ఈ కథను కొండ నుంచి నేరుగా 1878 జూలై 3కి తీసుకెళ్లిపోతారు, గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న రోజుకి. మధ్యలో ఇరవై నాలుగేళ్లున్నాయి. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టిందే 1866లో. ఆ పన్నెండేళ్లూ జ్యూయెట్ కొండ మీదే కూర్చోలేదు. ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లినప్పుడు మళ్లీ మూసివేత మాట వస్తే, మీరు మూసినా నేను మాత్రం తిరిగి వెళతానని పట్టుబట్టాడు. క్లౌను వెంటబెట్టుకుని 1865లో తిరిగొచ్చాడు. ఆ తర్వాత కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. కూడు కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. ప్రార్థించిన వాళ్లు కొండ దిగాక ఏం చేశారన్నది కూడా ఆ కథలో భాగమే కదా.

ఇంకో తల్లి సంగతి. నాలుగో శతాబ్దంలో ఆఫ్రికాలో మోనికా అనే ఆవిడ దారితప్పిన కొడుకు కోసం ఏళ్ల తరబడి ఏడ్చింది. కొడుకు రోము వెళ్లిపోతానంటే, వెళ్లకూడదని కార్తేజి సముద్రపు ఒడ్డున రాత్రంతా ప్రార్థించింది. అతను అబద్ధం చెప్పి ఆ రాత్రే ఓడెక్కేశాడు. తర్వాత ఆవిడా సముద్రం దాటి అతనున్న చోటికి వెళ్లింది. 387లో ఈస్టరుకు మిలానులో అతను బాప్తిస్మం తీసుకున్నాడు. అతనే ఆగస్టీను. ఆ రాత్రి అమ్మ అడిగింది దేవుడు ఇవ్వలేదు, ఎప్పటి నుంచో అడుగుతున్నది ఇవ్వడానికే అని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మీ కథా ఇలాగే తేలుతుందని ఆశపెట్టడానికి ఇది చెప్పలేదు. అందరి కథా అలా తేలదు. కీర్తనల్లో ఎనభై ఎనిమిదోది చూడండి, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది, తర్వాత ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అదీ ప్రార్థనే.

సరే, మీ ముందున్న దారులు చూద్దాం.

ఇప్పుడు చేస్తున్నట్టే చేస్తూ పోవచ్చు. తప్పేమీ లేదు. మరో ఏడేళ్లకు మీకు 73, పాపకు పన్నెండు. అప్పటికి తాతయ్యంటే ఆమెకు మీ చెల్లెలి ఫోనులోని మనిషి.

పూర్తిగా మానేయవచ్చు. కొన్నాళ్లు మనసు తేలికపడుతుంది కూడా, నిద్ర పడుతుంది. తర్వాత నాలుగింటికి మెలకువ వచ్చి కూర్చుని ఏం చేయాలో తోచదని నా భయం. భార్య లేని ఇంట్లో మీకు మిగిలిన సంభాషణ ఆ ప్రార్థనే.

ప్రార్థన అలాగే ఉంచి, ఆదివారం లేచి పేరు చెప్పడం ఒక్కటి ఆపవచ్చు. ఇది మాత్రం మీరు ఏ దారి పట్టినా చేయమనే అంటాను. ప్రతివారం సంఘమంతా మీ అబ్బాయి పేరు వింటోంది, దాంతో పాటు అతని పెళ్లి ఒక పాపమని కూడా వింటోంది. అందులో అతని చిన్నప్పటి స్నేహితులుంటారు, ఫోన్లుంటాయి. మీరు మనవి అనుకుంటున్నది అక్కడికి చేరేసరికి పంచాయితీ అవుతుంది. గది తలుపు వేసుకుని రహస్యంగా అడగమన్నది కూడా యేసు మాటే.

ఇక మిగిలింది, మీరే ముందు పలకరించడం. బలిపీఠం దగ్గర ఉండగా నీ మీద సహోదరునికి విరోధముందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. తప్పెవరిదో తేల్చుకుని వెళ్లమనలేదు. వెళితే ఏమవుతుంది? అబ్బాయి ఫోను ఎత్తకపోవచ్చు. ఎత్తి, అమ్మ ఉన్నప్పుడు ఏమైంది ఈ ప్రేమ అని అడగవచ్చు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు, ఉండనక్కర్లేదు కూడా, వినండి. కోడలు మాట్లాడటానికి ఇష్టపడకపోవచ్చు. ఏడేళ్లుగా ఆ అమ్మాయి తన గురించి ఏం విని ఉంటుందో ఆలోచించండి. వెంటనే రాకపోకలు మొదలవుతాయనుకోకండి. సంఘంలో ఒకరిద్దరు, పెద్దాయన దిగిపోయాడు అనుకుంటారు. అది కూడా ఖర్చులో రాసుకోండి.

ఫోను కష్టమైతే ఉత్తరం రాయండి, మీ చెయ్యి బాగుంది. ఏడు పేజీలు వద్దు. ఆ రోజు అన్న మాట తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, మీ ముగ్గురికీ ఈ గడప ఎప్పుడూ తెరిచే ఉంది. ఇంతే చాలు. "ముగ్గురికీ" అన్న మాట మరిచిపోకండి, కోడలి పేరు కూడా రాయండి. మీ ఉత్తరంలో ఆ అమ్మాయి పేరు ఒక్కసారి కూడా రాలేదు. "నీ కోసం ఏడేళ్లుగా ప్రార్థిస్తున్నాను" అని మాత్రం మొదటి ఉత్తరంలో రాయకండి. మీకది ప్రేమ. అతనికి అప్పు పత్రంలా కనిపిస్తుంది. వచనాలూ వద్దు. మధ్యవర్తిగా పాస్టరు గారిని తీసుకెళ్లవద్దు. మీ చెల్లెలు గారికి అటువైపు మాటలు నడుస్తున్నాయి కాబట్టి, ఉత్తరం వేసే ముందు ఆవిడకో మాట చెప్పి ఉంచండి.

జవాబు రాకపోతే? అప్పుడు మీ చేతిలో ఉన్నది మీరు చేసేసినట్టు. మిగతాది నిజంగానే మీ చేతిలో ఉండదు, ఆ విధవరాలి పరిస్థితే. విసుకక అడగండి. పుట్టినరోజులకు, క్రిస్మసుకు మళ్లీ రెండు ముక్కలు రాస్తూ ఉండండి.

మీ ఆవిడ నోటుబుక్కు గురించి నన్ను ఏమీ అడగలేదు, అయినా చివరి పేజీ అంతా దాని గురించే రాశారు. మీరన్నట్టు షుగరు కోసమే అయ్యుండవచ్చు. మీ షుగరు ఎప్పుడు బయటపడిందో, ఆ పుస్తకంలో మీ పేరు ఏ తేదీ నుంచి మొదలైందో ఒకసారి చూసుకోండి.

అన్నట్టు, ఫోనే చేస్తానంటే ఆదివారం సాయంత్రం చేయండి. మామూలు రోజుల్లో ఆఫీసు, పాపకు బడి. ఆమె ఎత్తినా ఎత్తవచ్చు, ఐదేళ్ల పిల్లలు ఫోను మోగితే ఊరుకోరు. ఎవరని అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకోండి.